దొర ఎవరి మాట వింటాడు

ఇంట్లో ఆమె పెద్దకోడలు. పదిహేడేళ్లుగా ఆ ఇంటి బాధ్యతంతా ఆమె నెత్తిమీదే ఉన్నా, మెప్పు మాత్రం తోటికోడలికే దక్కేది. అత్తగారి మోకాళ్లకు పెద్దకోడలు నూనె రాస్తే నూనె వృథా అయ్యేది, చిన్నకోడలు రాస్తే నొప్పి తగ్గేది. పెద్దకోడలు వండితే అందరూ తిని లేచిపోయేవారు. చిన్నకోడలు వండితే తిని, కాసేపు కూర్చుని, ఆ వంట గురించి మాట్లాడుకునేవారు. కింది వాటాలో పెద్దవాళ్ల కాపురం, పై వాటాలో చిన్నవాళ్ల కాపురం. అత్తగారు కింద తిని పైన పొగిడేది.

అలాగని చిన్నకోడలు గొడవలమారి మనిషా అంటే, పాపం అదీ కాదు. నోట్లో నాలుక లేని మనిషి. పది మాటలు అడిగితే ఒక మాట చెప్పేది, ఆ ఒక్కటీ మెల్లగా చెప్పేది. ఎదురు మాట్లాడితే పోట్లాడి పగ తీర్చుకోవచ్చు. ఏమీ అనని మనిషి మీద అసూయ పెట్టుకుంటే దాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియదు. పెద్దకోడలికి అదే పెద్ద చిక్కు.

అందుకే ఆమెకు తన పనిచోటంటే ప్రాణం. అక్కడ ఆమె కోడలు కాదు, అక్క. చిన్నాపెద్దా అందరూ అక్కా అనే పిలిచేవారు.

పనిచోటంటే కుక్కల డే కేర్. ఒకప్పుడు గచ్చు పలకలు నిల్వ చేసిన పొడవాటి గోదాము అది. నేలంతా రబ్బరు పరుపులు పరిచి, మధ్యలో నడుమెత్తు అడ్డుగోడ కట్టి, పెద్ద కుక్కలకొక హాలు, చిన్న కుక్కలకొక గది చేశారు. వెనక సిమెంటు పెరడు, నీళ్ల తొట్టి. హాలు చివర, మధ్యాహ్నం పడుకోవడానికి చెక్కతో చేసిన ఎత్తు అరుగు. పొద్దున ఏడున్నరకల్లా గేటు ముందు బళ్లు ఆగేవి. ఒక చేత్తో బూటు తాడు బిగించుకుంటూ, ఇంకో చేత్తో కుక్కని అప్పజెప్పి ఆఫీసులకు పరిగెత్తేవాళ్లు. ఆసుపత్రిలో పనిచేసేవాళ్లు, బ్యాంకువాళ్లు, రోజంతా కార్లు అమ్మే ఆయన, ఇద్దరూ బడిలో పాఠాలు చెప్పే ఒక జంట. వాళ్లకు ఇళ్లలో కుక్కలున్నాయి గానీ పగళ్లు లేవు. ఆ పగళ్లే ఇక్కడివాళ్లకు జీవనం.

పదకొండేళ్ల క్రితం ఆమె అక్కడ నేల తుడవడానికి చేరింది. రెండో వారంలోనే ఒక కూన యజమాని కోసం పొద్దున్నించీ గుక్కపట్టి ఏడుస్తుంటే, చూసుకునేవాళ్లు బిస్కెట్లు పెట్టారు, బంతులు విసిరారు, ఎత్తుకుని తిప్పారు. ఏదీ పారలేదు. ఆమె తుడుపుకర్ర గోడకానించి, ఆ కూనకు వీపు పెట్టి నేలమీద కూర్చుంది. దానివైపు చూడనైనా లేదు. గంట గడిచేసరికి అది ఆమె వీపుకి చేరగిలబడి నిద్రపోయింది. గాజు తలుపు వెనకనుంచి అదంతా చూసిన మేడమ్, అంటే ఆ డే కేర్ నడిపే ఆవిడ, మర్నాటినుంచి ఆమె చేతికి తుడుపుకర్ర ఇవ్వలేదు.

ఇక వెనక్కి చూసుకోలేదు. ఏ కుక్క ఏ కుక్కతో పడదో, దేనికి కడుపు తొందరగా పాడవుతుందో, ఏది ఉరుముకు వణుకుతుందో ఆమెకు కొట్టినపిండి. పెంచేవాళ్లు గేటు దగ్గర ముందు అడిగే మాట, "ఇవాళ అక్క ఉందా?" అనే. ఆమె సెలవు పెడితే ఒకరిద్దరు తామూ ఆఫీసుకి సెలవు పెట్టి కుక్కని ఇంట్లోనే ఉంచుకునేవారట. ఈ మాట ఆమె ఇంట్లో చాలాసార్లు చెప్పింది. అత్తగారు ఒక్కసారి కూడా సరిగా వినలేదు.

అన్ని కుక్కల్లో దొర వేరు. అక్కడ ఎవరూ దొరని అది అనరు, వాడు అంటారు. తేనెరంగు ఒళ్లు, పెద్ద తల, అంచు చిరిగిన చెవులు. కంటి డాక్టరమ్మ ఒకామె దిక్కులేని కుక్కల ఆశ్రయం నుంచి వాణ్ని తెచ్చుకుంది. పొద్దున్నే ఆసుపత్రికి వెళ్తే సాయంత్రం ఆరుకి గానీ తెమలని మనిషి, అందుకని ఇక్కడ వదిలేది. మొదటి వారంలోనే వాడు ఒకతని చొక్కా చెయ్యి చింపాడు. ఇంకొకతని మణికట్టు మీద పంటిగాట్లు పెట్టాడు. ఇకముందు ఇంకెవరినైనా కరిస్తే పంపేయక తప్పదని మేడమ్ డాక్టరమ్మకు చెప్పేసింది. అప్పుడు అక్క, వాణ్ని నాకు వదిలెయ్యండి అంది. ఇరవయ్యారు రోజులు వాడికి మూడు బారల దూరంలో కూర్చుని మధ్యాహ్నం డబ్బా అన్నం తిన్నది. ఇరవయ్యేడో రోజున వాడు లేచివచ్చి ఆమె పాదం మీద గడ్డం ఆనించాడు. ఆ పాదం కడుక్కోవడానికి మనసొప్పడం లేదని ఆ సాయంత్రం భర్తతో చెబితే, ఆయన ముక్కు మూసుకున్నాడు.

దొర ఎందుకు కరుస్తాడో కూడా ఆమే కనిపెట్టింది. వాడికి ఎడమ చెవి వినపడదు. కుడి చెవి నేలకానించి పడుకుంటే ఇక ఏ శబ్దమూ తెలియదు. అలా ఉన్నప్పుడు వెనకనుంచి ఎవరైనా ఒంటిమీద చెయ్యి వేస్తే, ఉలిక్కిపడి లేస్తూనే నోరు పెడతాడు. అంతకు మించి వాడిలో ఏ దుష్టత్వమూ లేదు.

ఇది కార్డు మీద రాయాల్సిన సంగతి. ప్రతి కుక్కకీ ఒక కార్డు ఉండేది. రేపు రాద్దాంలే అనుకుంది. ఆ రేపు రెండేళ్లయింది. నిజం చెప్పాలంటే అందరూ జంకుతూ దూరదూరంగా తిరుగుతుంటే, తనొక్కతే నేరుగా వెళ్లి దొర మెడ నిమరడం ఆమెకు బాగుండేది. మిగతావాళ్లు నోరెళ్లబెట్టి చూస్తుంటే ఇంకా బాగుండేది. తనకంటూ ఉన్నది అదొక్కటే కదా అనుకునేది.

అలాంటి చోటికి చిన్నకోడలు వచ్చిపడింది.

ఆమె పనిచేసే కుట్టుబట్టల కర్మాగారం మూతపడింది. మూడు నెలలు ఇంట్లో కూర్చుంది. నోరు తెరిచి అడగలేదు గానీ, ఆమె తరఫున అత్తగారు అడిగింది, మరిది అడిగాడు, చివరికి పెద్దకోడలి సొంత భర్త కూడా అడిగాడు. పెద్దకోడలు చెప్పని సాకు లేదు. బొచ్చు పడదేమో అంది. వాసన భరించలేదంది. అసలు అక్కడ ఖాళీ లేదంది. ఆ వారంలోనే మేడమ్ ఆమెను ఇంట్లో దిగబెట్టడానికి వచ్చి, గుమ్మంలో నిలబడి అత్తగారితో మాట్లాడుతూ, మనిషి దొరక్క ఇబ్బంది పడుతున్నామని చెప్పేసింది. పెద్దకోడలికి తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాతి సోమవారం తోటికోడళ్లిద్దరూ ఒకే బస్సు ఎక్కారు.

పని నేర్పడంలో మాత్రం పెద్దకోడలు లోటు చేయలేదు. ఇరవైరెండు కుక్కల్లో ఇరవయ్యొక్కదాని సంగతి పూసగుచ్చినట్టు చెప్పింది. దొర దగ్గరికి వచ్చేసరికి, "వాణ్ని నేను చూసుకుంటా. నువ్వు వాడి జోలికి పోకు," అని ముగించింది.

చిన్నకోడలు తలూపింది. అన్నమాట ప్రకారం దొర జోలికి వెళ్లలేదు. దొరే ఆమె జోలికి వెళ్లాడు.

దొర దాకా ఎందుకు, వారం తిరిగేసరికి హాలు సగం ఆమె వెనకే తిరగడం మొదలుపెట్టింది. ఆమె ఎవరినీ పిలిచేది కాదు, అదిలించేది కాదు. అరచేత్తో, వేళ్లతో, భుజంతో ఏవో సైగలు చేసేది. పొద్దస్తమానం కూసే సన్నటి కుక్క ఒకటి ఉండేది, దానికి సైరన్ అని పేరు పెట్టుకున్నారు. మధ్యాహ్నం దాన్ని పడుకోబెట్టడానికి అక్కకే అరగంట పట్టేది. చిన్నకోడలు దాని ముందు కూర్చుని, రెండు చేతులూ మెల్లగా కిందికి దించితే, అదీ మెల్లగా కిందికి దిగి ముడుచుకునేది. మిగతా పనివాళ్లు ముక్కుమీద వేలేసుకున్నారు. నీ తోటికోడలు భలే మనిషి అక్కా, అని ఆమెతోనే అన్నారు. అవును, భలే మనిషి, అంటూ ఆమె పళ్లు నూరుకుంది.

అప్పటినుంచి ఆమె కళ్లకు వేరే పని లేకుండా పోయింది. ఎవరి కాళ్ల దగ్గర ఎన్ని కుక్కలున్నాయో లెక్కపెట్టేది. తన దగ్గర ఆరు, ఆమె దగ్గర తొమ్మిది. తను లేచి నాలుగడుగులు వేస్తే వెంట వచ్చినవి రెండు. గిన్నెలు కడగడం, కాలవలో ఇరుక్కున్న బొచ్చు తీయడం, తడి తువ్వాళ్లు పిండడం లాంటి పనులన్నీ చిన్నకోడలికి పురమాయించింది. కడిగే గది తలుపుకి ఊచలుండేవి. ఆ ఊచల్లోంచి నాలుగైదు ముట్టెలు లోపలికి దూరి ఆమె కోసం ఎదురుచూసేవి. ఆ వరసలో ఒకరోజు దొర ముట్టె కూడా కనిపించింది. ఆ పూట పెద్దకోడలికి అన్నం సహించలేదు.

మధ్యాహ్నం రెండింటికి ప్రతి కుక్క ఫొటో తీసి యజమానికి పంపే అలవాటుండేది. ఆ పని అక్కది. ఇప్పుడు ఏ ఫొటో తీసినా అందులో చిన్నకోడలు పడుతోంది. ఫోనులో వేళ్లతో లాగి, ఆమె పడిన మేరకు కత్తిరించి పంపేది. ఒక రోజు దొర, చిన్నకోడలి ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నాడు. ఎంత కత్తిరించినా ఒక మోచెయ్యి మిగిలిపోయింది. సాయంత్రం డాక్టరమ్మ వచ్చీ రాగానే ఆ మోచెయ్యి ఎవరిదని అడిగింది. ఇన్నేళ్లలో వీడు ఇంత నిశ్చింతగా పడుకోవడం చూడలేదు, ఆవిణ్ని ఒకసారి పిలవండి, చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పాలి, అంది. అక్క వెళ్లి పిలిచింది. ఇరవయ్యారు రోజుల డబ్బా సంగతి ఆ డాక్టరమ్మకి తెలుసు. తెలిసీ అంది.

ఆ తర్వాత అసలు దెబ్బ తగిలింది. దొర పిలిస్తే పలకడం మానేశాడు.

మొదట్లో ఒకటికి రెండుసార్లు పిలిస్తే వచ్చేవాడు. తర్వాత నాలుగుసార్లు. ఒకరోజు సాయంత్రం గేటు దగ్గర అయిదారుగురు యజమానులు నిలబడి ఉండగా, హాలు అవతల ఉన్న దొరని ఆమె గొంతెత్తి పిలిచింది. వాడు చెవి కదపలేదు. మళ్లీ పిలిచింది. ఇంకా గట్టిగా పిలిచింది. వాడు లేచి, ఒళ్లు విరుచుకుని, ఆమె ఉన్న వైపుకైనా చూడకుండా చిన్నకోడలి దగ్గరికి నడిచి వెళ్లి ఆమె మోకాలికి తల రాశాడు. కార్లమ్మే ఆయన, అక్కా నీకు పోటీ వచ్చిందే, అని నవ్వాడు. ఆయన నవ్వులో ఏమీ లేదు. కానీ ఆమెకు నిలువునా ఒళ్లు మండింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదో, పట్టినా అదే కలలోకి వచ్చిందో, మర్నాడు లేచేసరికి ఆమె మనసులో ఒక ఆలోచన కూర్చుని ఉంది.

మధ్యాహ్నం కుక్కలన్నీ పడుకున్న వేళ. కిటికీలకు తెరలు దించి ఉన్నాయి. దొర చెక్క అరుగు మీద, కుడి చెవి కిందికి పెట్టి, తలుపుకు వీపు చేసి పడుకున్నాడు. అక్క తువ్వాళ్లు మడత పెడుతోంది. చిన్నకోడలు గిన్నెలు కడిగి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"దొర కంట్లో మందు వెయ్యాలి. వెళ్లి లేపు," అంది అక్క.

"నేనా అక్కా?"

"నీ దగ్గర బాగానే ఉంటున్నాడుగా. వెళ్లు."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. కంట్లో మందు నిజంగానే వెయ్యాలి. అరుగు దాకా పదిహేనడుగులు. చిన్నకోడలు నడుస్తుంటే అక్క చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. ఆగమని అరవాలనుకుందని తర్వాత ఆమె తనకు తాను చాలాసార్లు చెప్పుకుంది. కానీ అరవలేదు. చూస్తూ నిలబడింది.

అరుగు చివర, దొరకి నాలుగడుగుల దూరంలో చిన్నకోడలు ఆగింది. చెక్క అంచు మీద మడమతో రెండుసార్లు తట్టింది. ఆ అదురు పాకి దొర ఒంటికి తగిలింది. వాడు తీరిగ్గా తలెత్తి వెనక్కి తిరిగి చూశాడు. ఆమె అరచేయి గుండెలకు ఆనించుకుంది. వాడు లేచి, తోక ఊపుకుంటూ దిగివచ్చాడు.

మందు వెయ్యడం అయ్యాక అక్క, అలా ఎందుకు తట్టావని అడిగింది.

"వాడికి వినపడదు కదక్కా," అంది చిన్నకోడలు. "ఎడమది ముందునించే లేనట్టుంది. కుడిది కూడా ఈ రెండు మూడు నెలల్లో పోయింది. నేను వచ్చినప్పుడు గిన్నె చప్పుడుకి చెవి తిప్పేవాడు. ఇప్పుడు అదీ లేదు."

"నీకెలా తెలుసు?"

చిన్నకోడలు తువ్వాలొకటి తీసుకుని మడతపెట్టి, పక్కన పెట్టి, అప్పుడు చెప్పింది. ఆమె తల్లికి పుట్టుచెవుడు. మాటలు కూడా రావు. ఇంట్లో అందరూ చేతులతోనే మాట్లాడుకునేవారు. పెళ్లి సంబంధం చెడిపోతుందని పెద్దలు ఆ సంగతి బయటపెట్టనివ్వలేదు. పెళ్లయిన అయిదు నెలలకే తల్లి పోయింది. ఇక చెప్పాల్సిన అవసరం రాలేదు, చెప్పడానికి నోరూ రాలేదు.

"పెళ్లిలో నువ్వు మా అమ్మని మూడు నాలుగుసార్లు పలకరించావు. పలకలేదని, ఎంత పొగరో అని ఎవరితోనో అన్నావు. నేను పక్కనే ఉన్నా."

ఆ మాట అన్నట్టు పెద్దకోడలికి బాగా గుర్తుంది. ఒక్కసారి కాదు, ఆ తర్వాత చాలామందితో అంది.

"దొర సంగతి నీకు తెలుసనే అనుకున్నా," చిన్నకోడలు చెప్పుకుపోతోంది. ఆమె అన్ని మాటలు ఒక్కచోట మాట్లాడటం పెద్దకోడలు ఎప్పుడూ వినలేదు. "నువ్వెప్పుడూ వాడికి కుడివైపే నిలబడతావు. గొలుసు కూడా కుడివైపునుంచే తొడుగుతావు. ఎంత జాగ్రత్తగా చూసుకుంటోందో అనుకునేదాన్ని."

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. కానీ ఆ మంచిమాట ఆమె గొంతులో ముల్లులా దిగింది.

"తెలుసు," అంది. "రెండేళ్లనించీ తెలుసు. కార్డు మీద రాయలేదు, నీకూ చెప్పలేదు. ఇవాళ కావాలనే పంపా."

చిన్నకోడలు ఆమె ముఖంలోకి చూసింది. కోపం కనబడుతుందేమోనని పెద్దకోడలు వెతికింది. అది ఉన్నా బాగుండేది.

"కరిచి ఉంటే," అంది చిన్నకోడలు మెల్లగా, "నాకు నాలుగు కుట్లు పడేవి. వాణ్ని మాత్రం ఇక్కణ్నించి పంపేసేవాళ్లు అక్కా."

అంత దూరం ఆమె ఆలోచించనే లేదు. ఇంకెవరినైనా కరిస్తే పంపేస్తామన్న మేడమ్ మాట అందరికంటే బాగా తెలిసింది ఆమెకే. దొర తన వాడని రెండేళ్లుగా రొమ్ము విరుచుకుని తిరిగిందీ ఆమే. ఈ ఆలోచన మనసులో కూర్చున్నప్పుడు అందులో తోటికోడలి చెయ్యి ఉంది, తన అక్కసు ఉంది. దొర మాత్రం ఎక్కడా లేడు.

మర్నాడు పొద్దున్నే వెళ్లి మేడమ్‌కి అంతా చెప్పేసింది. మేడమ్ పెన్ను మూత తీస్తూ పెడుతూ విన్నది. పదకొండేళ్లలో నీ మీద ఒక్క మాట రాలేదు, ఇలాంటిది నీ నోటినుంచే వినాల్సి వచ్చింది, అంది. దొర పని చిన్నకోడలికి అప్పగించింది. అక్కని పెద్ద హాల్లోంచి తీసి రెండు నెలలపాటు చిన్న కుక్కల గదికి మార్చింది. డాక్టరమ్మకు కూడా అక్కే చెప్పాలని షరతు పెట్టింది.

ఆ సాయంత్రం డాక్టరమ్మ కారు దిగకుండానే విన్నది. "రోజుకి వందమంది కళ్లు చూస్తాను. ఇంట్లో ఉన్నవాడి చెవులు చూసుకోలేదు," అని మొదట తననే తిట్టుకుంది. ఆ తర్వాత, ముందే చెప్పి ఉంటే కుడి చెవైనా దక్కేదేమో అంది. పశువుల డాక్టరు చూసి, వయసు వల్ల పోయి ఉండొచ్చు, ముందే చూసినా ఆగేదో లేదో చెప్పలేనన్నాడు. ఆ చెప్పలేను అనే మాట పెద్దకోడలు ఇప్పటికీ మోస్తోంది.

చిన్నకోడలు ఆమెతో మాట్లాడటం మానేసింది. పని మాటలుంటే చెప్పేది, అంతే. బస్సులో వేరే వరసలో కూర్చునేది. ఇంట్లో ఎవరికైనా చెబుతుందేమోనని పెద్దకోడలు రోజూ కాచుకుని ఉండేది. మెట్ల మీద అడుగు వినపడితే చేతిలో పని ఆపేది. అత్తగారు నోరు తెరిస్తే ఇదేననుకునేది. పది రోజులు గడిచాయి, పదిహేను గడిచాయి. చిన్నకోడలు ఎవరితోనూ చెప్పలేదు. భర్తకి కూడా చెప్పలేదని మరిది ముఖం చూస్తేనే తెలిసింది. పెద్దకోడలికి ఊరట కలగాలి. కలిగింది కూడా. కానీ దాని అడుగున పాత మంటే రగిలింది. చివరికి ఇందులో కూడా మంచిదనిపించుకుంది కదా అని. ఆ ఆలోచన వచ్చినందుకు తనమీద తనకే అసహ్యమేసింది. అయినా వచ్చింది.

చిన్న కుక్కల గదిలోంచి, నడుమెత్తు గోడ మీదుగా పెద్ద హాలు మొత్తం కనిపించేది. రోజంతా ఆమె అదే చూసేది. చిన్నకోడలి చేతులు చూసేది. అరచేయి గుండెకు ఆనిస్తే రమ్మని. వేళ్లు విప్పి కిందికి దించితే కూర్చోమని. బొటనవేలు చూపుడువేలు కలిపి గాల్లో చిన్నగా ఆడిస్తే, దొర ఒళ్లంతా ఊగిపోయేది. అది ఏమిటో ఆమెకు అర్థం కాలేదు. ఎన్ని రోజులు చూసినా అర్థం కాలేదు.

పందొమ్మిదో రోజున అడ్డుగోడ దగ్గరికి వెళ్లి, ఆ సైగలు నాకూ నేర్పు అని అడిగింది. చేతులు ఖాళీగా లేవక్కా, అంది చిన్నకోడలు. నిజంగానే చేతుల్లో నాలుగు గిన్నెలున్నాయి. మర్నాడు మళ్లీ అడిగింది. ఆ మర్నాడూ అడిగింది. నాలుగో రోజు మధ్యాహ్నం చిన్నకోడలే వచ్చి గోడకి అవతల కూర్చుంది.

పెద్దకోడలికి మొదటినుంచీ నోటితోనే పని. చెయ్యి గుండెల మీద పెట్టుకుని, దానితోపాటే, రా నాన్నా, రా, ఏదీ ఇటు రా, అని నోరు కూడా ఆడించేది. చిన్నకోడలు రెండుసార్లు ఓర్చుకుంది.

మూడోసారి, "నోరు మూసుకుని చెప్పక్కా," అంది.

పద్నాలుగేళ్లలో ఆమె తోటికోడలితో అన్న మొదటి ఎదురు మాట అది. అన్నాక తనే ఉలిక్కిపడింది. పెద్దకోడలు పక్కున నవ్వింది. చిన్నకోడలు నవ్వలేదు గానీ, ముఖం పక్కకు తిప్పుకుంది. భుజాలు మాత్రం కదిలాయి.

ఆ బొటనవేలు, చూపుడువేలు సైగ ఏమిటని అప్పుడు అడిగింది. అది కుక్కలకి చెప్పేది కాదట. తల్లి తనని పిలవడానికి పెట్టుకున్న సైగ అట, చిన్నప్పుడు ముక్కుపట్టి ఆడించేదాన్నుంచి వచ్చిందట. దొర ముందు ఒకరోజు ఊరికే చేతికి వచ్చేసిందట. అది నేర్పనని చెప్పింది. పెద్దకోడలు మళ్లీ అడగలేదు.

రెండు నెలలయ్యాక అక్క పెద్ద హాల్లోకి తిరిగి వచ్చింది. మొదటి రోజున, దొర చూసేలా ఎదురుగా నిలబడి, చెయ్యి గుండెలకు ఆనించింది. నోరు బిగించుకుంది. వాడు ఆమె చేతివైపు చూశాడు, చిన్నకోడలివైపు చూశాడు. ఆలోచించుకుని వచ్చి, ఆమె చేతులు వాసన చూసి, బిస్కెట్ లేదని తేల్చుకుని, మళ్లీ చిన్నకోడలి దగ్గరికే వెళ్లిపోయాడు. ఆమె కడుపు మండింది. అయినా మర్నాడు మళ్లీ నిలబడింది. వారం పట్టింది వాడు వచ్చి ఆమె ముందు కూర్చోవడానికి. పాదం మీద గడ్డం పెట్టడం మాత్రం మళ్లీ జరగలేదు.

తోటికోడళ్లు ఒకరినొకరు కౌగిలించుకున్నదీ లేదు, అక్కచెల్లెళ్లయిపోయిందీ లేదు. బస్సులో కొన్నాళ్లు పక్కపక్కన కూర్చుంటారు, కొన్నాళ్లు కూర్చోరు. ఇప్పుడు కొత్తగా ఎవరు పనిలో చేరినా, కార్డులన్నీ ముందేసుకుని ఒక్కో కుక్క సంగతి దాచకుండా చెప్పేది అక్కే. దొర కార్డు మీద రెండు చెవులూ వినపడవు అన్న మాట ఆమె చేతిరాతతోనే ఉంది. ఇంకో మాట కూడా రాసింది: వీడి సంగతి బాగా తెలిసిన మనిషి నా తోటికోడలు. ఆ ఒక్క ముక్క రాయడానికి ఆమెకు ఒక మధ్యాహ్నం పట్టింది.

దొర ముసలివాడయ్యాడు. పొద్దున డాక్టరమ్మ కారు తలుపు తీస్తే దిగడానికి కాసేపు ఆలోచిస్తాడు. దిగాక మాత్రం నేరుగా చిన్నకోడలి దగ్గరికే వెళ్తాడు. ఆ పలకరింపు అయ్యేదాకా పెద్దకోడలు తలుపు లోపల ఆగుతుంది. ఇన్నాళ్లయినా ఆ కాసేపు ఆమెకు కష్టమే, అడిగితే ఒప్పుకుంటుంది కూడా. వాడు తలెత్తి ఇటు చూసినప్పుడు చెయ్యి గుండెకు ఆనిస్తుంది. చాలావరకు వస్తాడు. రాని రోజున ఆమె గిన్నెలు కడగడానికి వెళ్తుంది, అవి ఎప్పుడూ చాలానే ఉంటాయి.